ఉతకని చొక్కా

కాశీబుగ్గ,
18-2-2001

ప్రియమైన బావకి,

నువ్వు క్షేమంగా పోర్ట్ బ్లెయిర్ చేరావని నీ కార్డు వల్ల తెలిసింది. కార్డు మీద సముద్రం బొమ్మ బాగుంది. వెనక రాసింది మాత్రం రెండు వాక్యాలే: ఓడలో వాంతులయ్యాయి, దిగాక అన్నం తిన్నాను. పేరు చూస్తే మన్మథరావు, రాత చూస్తే గవర్నమెంటు నోటీసు. ఆఫీసులో గుమాస్తాని నేనా, నువ్వా?

సరే, నీ కుక్క సంగతి రాయడానికి కూర్చున్నాను. నీ రైలు పలాస స్టేషన్ దాటి వెళ్ళిపోయాక బూరి ప్లాట్‌ఫాం మీదే కూలబడింది. బిస్కెట్ పెట్టాను, ముట్టలేదు. గొలుసు పట్టి లాగాను, నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నా మొహం చూసింది. మొండితనంలో అచ్చం నువ్వే. చివరికి ఎత్తుకుని, ఎండకి కొంగు కప్పి, రిక్షా ఎక్కాను. రిక్షా అతను వెనక్కి తిరిగి, "పిల్లకి ఒంట్లో బాగోనేదేటమ్మా?" అని అడిగాడు. అవునన్నాను. కాదని చెప్పే ఓపిక లేకపోయింది.

ఇన్నాళ్ళూ పగలంతా నీ ఇంజన్ల రిపేరు షెడ్డులో నీ కాళ్ళ దగ్గర పడి ఉండేది. ఇప్పుడు నేను పొద్దున్నే టెక్కలి బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి గానీ రాను. అంతసేపూ ఒక్కత్తీ ఇంట్లో ఉండి ఏడుస్తోందట. తలుపు గీరి గీరి రంగు ఊడగొట్టింది. ఎదురింటివాళ్ళు మొదట జాలిపడ్డారు, ఇప్పుడు విసుక్కుంటున్నారు. ఏం చెయ్యాలో నువ్వే రాయి.

వెళ్ళే ముందు రోజు మనం అనుకున్న మాటలు మర్చిపొమ్మని నేను రాయను. లాంగ్ లీవు పెట్టి నాతో వచ్చెయ్ అన్నావు. ఉద్యోగం వదిలి రానన్నాను. అయితే నేనొక్కణ్ణే పోతానన్నావు. పో, తిరిగి రమ్మని మాత్రం నేను చచ్చినా బతిమాలను అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. ఇది బూరి గురించి రాసిన ఉత్తరం, అంతే.

బూరి తరఫున,
ఉషారాణి


పోర్ట్ బ్లెయిర్,
22-3-2001

ప్రియమైన ఉషకి,

నీ ఉత్తరం అందింది. తిట్లతో సహా అందింది. నీ చేతిరాత చూడగానే ఎంత సంతోషమైందో చెప్పను, చెబితే మళ్ళీ నెత్తినెక్కుతావు.

ఇక్కడ దీవికీ దీవికీ మధ్య జనాన్ని దాటించే పడవలో ఇంజను పని నాది. పొద్దున్నే ఇంజను గదిలోకి దిగితే మళ్ళీ ఆకాశం కనబడేది మధ్యాహ్నానికే. నాతో పాటు అప్పలసూరి అని మన ఉద్దానం కుర్రాడు ఉన్నాడు. వజ్రపుకొత్తూరు దగ్గర వాళ్ళది. ఒకే గదిలో ఉంటున్నాం. వాడు వంట, నేను గిన్నెలు. వాడి నోట మన మాట వింటుంటే సగం ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది.

ఫోన్ చెయ్యలేదని అనుకుంటున్నావేమో. ఒకసారి బూత్ దాకా వెళ్ళాను. వెనక నలుగురు నిలబడి గడియారం చూసుకుంటుంటే నీతో ఏం మాట్లాడను? ఉత్తరమే నయం. ఆలస్యమైనా దీన్ని నాలుగుసార్లు చదువుకోవచ్చు.

నేను వచ్చింది నీ మీద అలిగి కాదు. షెడ్డుకి ఇంజన్లు రావడం మానేశాక, నువ్వు ఆఫీసుకి వెళ్తుంటే గుమ్మంలో కూర్చుని పంపించడం నావల్ల కాలేదు. ఆ మాట అప్పుడు చెప్పడం చేతకాక అరిచాను.

బూరిని అలా ఒంటరిగా వదలకు. పగటిపూట చూసేవాళ్ళు ఎవరైనా దొరుకుతారేమో కనుక్కో. అది మనుషుల్లేకుండా ఉండలేదు. తల నిమిరి, నేను నిమిరానని చెప్పు.

నీ బావ,
మన్మథరావు


కాశీబుగ్గ,
9-5-2001

ప్రియమైన బావకి,

బూరిని బడిలో వేశాను. నవ్వకు, నిజం.

మన వీధి చివర పాత జీడి బట్టీ ఉంది కదా, దాని వెనక పెంకుటింట్లో నూకరత్నం అని ఒకావిడ ఉంటుంది. ఇదివరకు జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడిసొనకి చేతులు పొక్కిపోయి మానేసింది. ఒకరోజు రైల్వే గార్డుగారు డ్యూటీకి వెళ్తూ, ఇంట్లో ఎవరూ లేరని, తన కుక్కని సాయంత్రం దాకా చూడమ్మా అని ఆవిడకి అప్పగించారట. ఆ తరవాత డాక్టరుగారి కుక్క వచ్చింది, బ్యాంకు మేనేజరమ్మ బొచ్చుకుక్క వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే ఆ గేటు ముందు స్కూటర్లూ రిక్షాలూ. ఊళ్ళో జనం దానికి కుక్కల కాన్వెంటు అని పేరు పెట్టేశారు. యూనిఫారం ఒక్కటే తక్కువ.

నేను బూరిని తీసుకుని, గిన్నె, గొలుసు, బిస్కెట్ పొట్లం అన్నీ పట్టుకుని వెళ్ళాను. ఆవిడ అన్నీ చూసి, "గుడ్డేదమ్మా?" అంది. ఏం గుడ్డ అన్నాను.

"ఎవుల కుక్కకి ఆలు కట్టి ఇడిసిన గుడ్డ తెచ్చీయాల తల్లీ. ఉతకకూడదు. ఆ వోసన ముక్కుకి తగుల్తుంటే పగలంతా గమ్మునుంతాది. నేకపోతే ఒకటే ఏడుపు," అంది.

చూద్దును కదా, చావిట్లో ఎవరి చాప వాళ్ళకుంది. డాక్టరుగారి కుక్క డాక్టరుగారి లుంగీ మీద, గార్డుగారి కుక్క తెల్ల కోటు మీద. బ్యాంకు మేనేజరమ్మ మొదటిరోజు మంచి తువ్వాలు ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చిందట. "ఇదేటమ్మా, కుక్క సబ్బు కోసం ఏడుత్తాదేటి?" అని తిప్పి పంపేసిందట నూకరత్నం.

నేను ఇంటికి పరుగెత్తి ముందురోజు కట్టిన చీర తెచ్చిచ్చాను. బూరి దాన్ని వాసన చూసి, మర్యాదకి ఒకసారి తోక ఊపి, వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. నూకరత్నం నన్ను ఎగాదిగా చూసి, "ఇది నీ కుక్క కాదమ్మా, మీ ఆయన కుక్క," అంది. ఆరేళ్ళ కాపురంలో ఇంత సూటిగా నాకెవరూ ఏదీ చెప్పలేదు. ఉక్రోషం వచ్చింది. రోజూ అన్నం కలిపి పెట్టేది నేను!

ఇంట్లో నీది ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. నువ్వు వెళ్ళిన రోజే నీ బట్టలన్నీ కసిగా బండకేసి బాదాను కదా. ఒక్కదానికీ వాసన లేదు. కాబట్టి ఒక చొక్కా పంపు. నువ్వు తొడుక్కుని విప్పింది పంపు. ఉతికావంటే ఊరుకోను.

బూరి తరఫున,
ఉషారాణి


పోర్ట్ బ్లెయిర్,
14-6-2001

ప్రియమైన ఉషకి,

పెళ్ళయిన దగ్గర్నించి నీ నోట నేను విన్న మాట, "ఆ చొక్కా విప్పి బకెట్లో పడెయ్," అని. అలాంటిది మాసిన చొక్కా పంపమని అడిగావు. ఉత్తరం రెండుసార్లు చదివి, చేతిరాత నీదేనని నమ్మకం కుదిరాక పార్శిల్ కట్టాను.

నీలం చొక్కా పంపుతున్నాను. నాలుగు రోజులు ఇంజను గదిలో తొడుక్కున్నాను. అప్పలసూరి చూసి, "ఏటన్నా, మాసిన సొక్కా పార్సిలు కడతన్నావు? ఇక్కడ నీల్లు దొరకడం నేదని ఊరికి పంపి ఉతికిత్తన్నావేటి?" అన్నాడు. కుక్కకి అని చెప్పాను. నమ్మలేదు. కుక్కల కాన్వెంటు సంగతి చెప్పాను. అస్సలు నమ్మలేదు. ఊరెళ్ళినప్పుడు కళ్ళారా చూస్తేగానీ నమ్మడట.

పోస్టాఫీసులో లోపల ఏముందని అడిగితే వాడిన వస్త్రం అన్నాను. ఆ గుమాస్తా కొంచెం వెనక్కి జరిగి ముద్ర వేశాడు.

బూరి దాని మీద పడుకుందో లేదో తప్పకుండా రాయి. నువ్వెలా ఉన్నావో రాయలేదు. రెండు ఉత్తరాల నుంచీ చూస్తున్నాను.

నీ బావ,
మన్మథరావు


కాశీబుగ్గ,
20-8-2001

ప్రియమైన బావకి,

చొక్కా చేరింది. పార్శిల్ తాడు కొయ్యకముందే బూరికి తెలిసిపోయింది. నా చేతుల మీదకి ఎగబడి, లాక్కుని, మంచం కిందకి దూరి, లోపల్నుంచి ఒక్కలాగ మూలిగింది. మర్నాడు కాన్వెంటులో దాని చాప మీద వేస్తే చుట్టూ తిరిగి తిరిగి పడుకుని సాయంత్రం దాకా లేవలేదట. నూకరత్నం, "సూసినావా, నాన్సెప్పనేదా?" అని నాకేసి గర్వంగా చూసింది.

కానీ మన ఊరి సంగతి నీకు తెలియనిదేముంది. బట్టీలు అంటించారంటే పెట్టెలో మడతపెట్టిన పట్టుచీరకి కూడా జీడిపొగ పట్టేస్తుంది. వచ్చిన కొత్తలో ఆ చొక్కాలో డీజిలు వాసన, ఉప్పు వాసన, అడుగున నీ వాసన ఉండేవి. ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు ముక్కు ఆనించి చూసినా జీడిపొగే. ఇంకొకటి పంపాలి. ఇది బూరి కోరిక.

నేను బస్సు దిగి నేరుగా కాన్వెంటుకే వెళ్తాను. ఆ వేళకి కుక్కలన్నీ గేటు దగ్గర కాపలా. ఎవరి మనిషి వచ్చే చప్పుడు వాళ్ళకి తెలుసు. డాక్టరుగారి స్కూటరు వీధి మొదట్లో ఉండగానే ఆ కుక్క గంతులు మొదలుపెడుతుంది. మేనేజరమ్మ చెప్పుల టకటక వింటే బొచ్చుకుక్క నేలమీద దొర్లుతుంది. బూరి నన్ను చూసి లేస్తుంది, తోక ఊపుతుంది. ఆ తరవాత మెడ పక్కకి చాచి నా వెనక చూస్తుంది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరని తెలిశాకే నాతో నడుస్తుంది. రోజూ ఇంతే బావా. దానితో పాటు నేను కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తున్నాను. ఎవరుంటారక్కడ? ఎద్దుబండి.

కుక్కలకి తోక ఉంది, ఊపితే సరిపోతుంది. మనకి నోరిచ్చాడు దేవుడు, అదే చిక్కొచ్చి పడింది.

నేను బాగానే ఉన్నాను. అడిగావు కాబట్టి రాశాను.

బూరి తరఫున,
ఉషారాణి


పోర్ట్ బ్లెయిర్,
25-9-2001

ప్రియమైన ఉషకి,

గళ్ళ చొక్కా పంపుతున్నాను. జేబు దగ్గర డీజిలు మరక ఉంది, కంగారుపడకు, నిప్పు దగ్గర పెట్టకు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మధ్యాహ్నం హేవ్‌లాక్‌ దీవిలో పడవ ఆగితే ఒడ్డుకొచ్చి కూర్చుంటాను. ఎటు చూసినా కొబ్బరిచెట్లు. కళ్ళు సగం మూసుకుంటే మన ఉద్దానమే. పూర్తిగా మూసుకుంటే నువ్వు ఆఫీసు సంచీ భుజానికి తగిలించుకుని బస్సు కోసం విసుక్కోవడం కనబడుతుంది. నువ్వు విసుక్కోవడం చూసి ఎన్నాళ్ళయిందో.

ఇక్కడ నా పని బాగానే నచ్చింది వాళ్ళకి. ఏడాది అయ్యాక ఇంకో మూడేళ్ళు ఉంటానని సంతకం చేయించుకుంటారట. ఇంకా టైముంది. ఊరికే చెప్పాను.

నువ్వు వెనక్కి తిరిగి చూశానన్న వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

నీ బావ,
మన్మథరావు


కాశీబుగ్గ,
16-11-2001

ప్రియమైన బావకి,

జవాబు ఆలస్యమైంది. వానలు ఎక్కువ. ఆఫీసులో పని కూడా ఎక్కువ.

నువ్వు పంపిన గళ్ళ చొక్కా ఇప్పుడు లేదు. మట్టిపాలైంది. ఎలాగని అడక్కు. ఇంకొకటి పంపు. వీలైతే కొంచెం ఎక్కువ రోజులు తొడుక్కుని పంపు.

బూరి బాగానే ఉంది. ముందులా గంతులు లేవు. ఈ మధ్య కాన్వెంటుకి పంపడం లేదు, ఇంట్లోనే ఉంటోంది. ఏడవడం మానేసింది. ఎదురింటివాళ్ళకి ఏ బాధా లేదు. అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటుంది గానీ తినాలనిపించదు దానికి. నువ్వుంటే ఇన్ని ముద్దలు తినేది కాదూ అనిపిస్తుంది. చొక్కా ఉంటే దాని మీద తల పెట్టుకుని కాసేపైనా పడుకుంటుంది. అందుకని త్వరగా పంపు.

మూడేళ్ళ సంగతి రాశావు. నాకు చెప్పాల్సిన అవసరం లేదు. నేనేమీ అడగనన్నాను కదా.

ఉంటాను,
ఉషారాణి


పోర్ట్ బ్లెయిర్,
19-12-2001

ప్రియమైన ఉషకి,

ఓడ రేపే పోతుందని ఇప్పుడే తెలిసింది, గబగబా రాస్తున్నాను. మేకుకి వేలాడుతున్న చొక్కా లాగి పార్శిల్ కట్టేశాను.

కాన్వెంటు ఎందుకు మానిపించావు? నూకరత్నంతో గొడవ పడ్డావా? నీ నోరు నాకు తెలుసు. వెళ్ళి మంచిగా మాట్లాడి మళ్ళీ చేర్పించు. పగలంతా ఒంటరిగా ఉంటే అది బెంగతో చిక్కిపోతుంది. అన్నం తినకపోతే చేపల నీళ్ళు కలిపి పెట్టి చూడు. చేపల నీళ్ళంటే ప్రాణం దానికి.

ఈసారి బూరి తరఫున అని రాయలేదేం? దానికీ నా మీద కోపం వచ్చిందా?

నీ బావ,
మన్మథరావు


కాశీబుగ్గ,
21-1-2002

ప్రియమైన బావకి,

ఇది నీ చొక్కా కాదు.

పొట్లం విప్పగానే తెలిసిపోయింది బూరికి. ఎంత ఆశగా విప్పిందో, మొహం అంత చిన్నబోయింది. గళ్ళు నువ్వు తొడుక్కునేలాంటివే, కొలత నీ కొలతే, మనిషి మాత్రం వేరు. ఎవరో తలకి కొబ్బరినూనె దండిగా రాసుకునే మనిషి. కాలరంతా అదే వాసన. నువ్వు జన్మలో కొబ్బరినూనె రాసుకున్నావా? ఉద్దానంలో పుట్టి కొబ్బరినూనె పడదంటాడేం అని మా అమ్మ దెప్పేది కూడా.

ఎవరిదో మగవాడి చొక్కా అలా దగ్గరికి తీసుకున్నందుకు దానికి సిగ్గేసింది. చాలాసేపు చేతులు కడుక్కుంది.

తరవాతి ఓడకి నీది పంపు. జాగ్రత్తగా చూసి పంపు. ఇంత ఎదురుచూశాక ఇలా చెయ్యకూడదు ఎవరూ.

ఉంటాను,
ఉషారాణి


పోర్ట్ బ్లెయిర్,
24-2-2002

ప్రియమైన ఉషకి,

నీ ఉత్తరం చదివి నేనూ అప్పలసూరీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. తప్పు దొరికిపోయింది. దీపావళికి ఇద్దరం ఒకే కొట్లో ఒకే తాను గుడ్డతో చొక్కాలు కుట్టించుకున్నాం. ఆ రోజు తొందరలో వాడిది లాగేశాను. వాడు రెండు నెలల నుంచి తన చొక్కా ఎవరో ఎత్తుకుపోయారని అందర్నీ అనుమానిస్తున్నాడు. చేతులు కడుక్కునే కుక్కని మాత్రం నువ్వే పెంచగలవు, నీ శుభ్రం దానికీ అంటించావు.

అప్పలసూరి సెలవు మీద ఊరొస్తున్నాడు. నా చొక్కా, ఈసారి ఖాయంగా నాదే, వాడి చేతికిచ్చి పంపుతున్నాను. వాడిది వాడికి ఇచ్చెయ్. బూరిని చూపించు, చూడాలని వాడికి మహా సరదాగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మూడేళ్ళ కాగితం నా ముందుకొచ్చింది. ఏప్రిల్‌లో చెప్పాలి. సంతకం పెడితే మూడేళ్ళూ ఇక్కడే, మధ్యలో చూడటానికి వచ్చిపోవడమే. పెట్టకపోతే సామాను సర్దుకుని వచ్చెయ్యాలి. వచ్చి ఏం చెయ్యాలో తెలియదు, షెడ్డు తలుపులు మళ్ళీ తియ్యాలి. అదంతా నేను చూసుకుంటాను. నువ్వు వద్దంటే సంతకం పెట్టను. నాకు తెలియాల్సింది ఒక్కటే: నేను రావాలని నీకుందా?

బూరి సంగతి ఇన్ని ఉత్తరాల్లో రాశావు. దాని ఆకలి తెలుసు, దాని నిద్ర తెలుసు. నీ సంగతి ఒక్కటీ తెలియదు. ఈసారి నీ సంగతి రాయి ఉషా. వస్తావా అని అడగక్కర్లేదు, రా అని రాయక్కర్లేదు. ఏదో ఒకటి రాయి. దాన్ని బట్టి నేను అర్థం చేసుకుంటాను.

నీ బావ,
మన్మథరావు


కాశీబుగ్గ,
20-3-2002

ప్రియమైన బావకి,

అప్పలసూరి వచ్చాడు. మంచి పిల్లాడు. కాఫీ తాగాడు, జంతికలు తిన్నాడు, పోర్ట్ బ్లెయిర్‌లో నువ్వు గిన్నెలు ఎంత అధ్వాన్నంగా తోముతావో చెప్పాడు. చొక్కా ఇచ్చాడు. ఇది నీదే. వాడి ఎదురుగా చూడలేదు, వెళ్ళాక చూశాను. బూరిని చూపించమన్నాడు. మళ్ళీ కాన్వెంటుకి పంపుతున్నానని, ఇప్పుడు అక్కడుందని చెప్పాను. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను.

నా సంగతి రాయమన్నావు. పొద్దున్న బస్సు, పగలు ఆఫీసు, సాయంత్రం బస్సు. మార్చి నెల కాబట్టి బిల్లులు గుట్టలుగా వచ్చి పడుతున్నాయి. నా సంగతి ఇంతే. ఎంత ఆలోచించినా ఇంకోటి తట్టడం లేదు. బూరి సంగతయితే రాయగలను.

బూరి సాయంత్రాలు గుమ్మంలో కూర్చుంటుంది. స్టేషన్ వైపు నుంచి ఏ రిక్షా మలుపు తిరిగినా తల ఎత్తుతుంది. ఓడ నెలకోసారే వస్తుందని దానికి తెలుసు. ఈ రోజు ఓడ లేదని తెలుసు. అయినా ఎత్తుతుంది. రిక్షా దాటిపోయాక, అసలు తను అటు చూడనే లేదన్నట్టు మొహం పెడుతుంది, ఎవరైనా చూశారేమోనని. పౌరుషం ఎక్కువ దానికి. చెప్పుకోలేదు. చొక్కా కొత్తగా వచ్చిన రోజు బాగా నిద్రపోతుంది. వాసన తగ్గిన కొద్దీ నిద్ర తగ్గుతుంది. జీడిపొగ పట్టకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అవసరమైనప్పుడే తీస్తున్నాను.

సంతకం నీ ఇష్టం. అక్కడ పని బాగుందంటున్నావు. నా కోసమని మానుకోవద్దు. బూరి కోసమని అయితే... అదీ వద్దులే. నోరు లేని జీవం, అదే అలవాటు పడుతుంది.

ఉంటాను,
ఉషారాణి


పోర్ట్ బ్లెయిర్,
17-4-2002

నా ఉషకి,

అప్పలసూరి నిన్న ఓడ దిగాడు. నీ ఉత్తరం ఇచ్చాడు. ఇచ్చి పోకుండా ఎదురుగా నిలబడ్డాడు. ఏంట్రా అన్నాను.

"అన్నా, నీకు సెప్పాలో వొద్దో తెల్డం నేదు. వదినమ్మ కాడ కాఫీ తాగేసి, ఆ కుక్కల బడేదో సూద్దారని ఎల్లినాను. బూరేదమ్మా అని అడిగినాను. నూకరత్నమ్మ నా మొకం సూసి, వోనల్లోనే జొరం తగిలి సచ్చిపోనాది కదా బాబూ అంది. మా వదిన సొక్కాలు తెప్పిత్తంది కదా అన్నాను. కుక్క పోయినాక నా కాడికి ఏ సొక్కా రానేదు, మరా సొక్కాలు ఎవులికి బాబూ, అంది."

అంతా చెప్పాడు. జ్వరంతో ఉన్నన్నాళ్ళూ నువ్వు ఆఫీసు మానేసి నూకరత్నం చావిట్లో దాని పక్కనే కూర్చున్నావని చెప్పాడు. జీడిచెట్టు కింద గొయ్యి తవ్వించి, నా గళ్ళ చొక్కా దానికి చుట్టి పడుకోబెట్టావని చెప్పాడు. చివర్లో, "నీ సొక్కా ఇత్తే సటుక్కున పైట కింద ఎట్టీసుకుంది. నా సొక్కా మట్టుకు ఉతికి ఇత్తిరీ సేసి ఇచ్చీసింది," అని ఆ మడత చూపించాడు. కాలరు దగ్గర మడత అలా తీర్చేది నువ్వొక్కదానివే.

ముందు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. నా బూరి చచ్చిపోతే నాకు చెప్పవా? చేపల నీళ్ళు కలిపి పెట్టమని రాశానే, ఆ ఉత్తరం చదివినప్పుడు నీకేమనిపించింది? ఒడ్డుకెళ్ళి కూర్చుని ఏడ్చాను. దాన్ని కుక్కపిల్లగా బారువ సముద్రపు ఒడ్డు నుంచి జేబులో వేసుకొచ్చిన రోజు గుర్తొచ్చి ఏడ్చాను. నువ్వొక్కదానివే మట్టి వేశావని తలుచుకుని ఏడ్చాను. అప్పలసూరి దూరంగా కూర్చున్నాడు.

గదికొచ్చి నీ ఉత్తరాలన్నీ తీశాను. నవంబరు నుంచీ రాసినవి వరసగా పెట్టుకుని, బూరి అని రాసిన చోటల్లా ఉష అని పెట్టి చదివాను. అన్నం ముందు పెట్టుకుని తినలేనిది ఉష. వేరే మనిషి చొక్కా మొహానికి ఆనించుకుని సిగ్గుపడి చేతులు కడుక్కున్నది ఉష. రిక్షా మలుపు తిరిగితే తల ఎత్తేది ఉష. నేను నీ సంగతి రాయమని బతిమాలాను, నువ్వు అయిదు నెలల నుంచీ నీ సంగతే రాస్తున్నావు. నాకే చదవడం రాలేదు.

బూరి లేదని తెలిస్తే ఇక నేను రావడానికి ఏ కారణమూ ఉండదనుకున్నావా పిచ్చిదానా? నూకరత్నం చెప్పింది నిజమే, అది నా కుక్కే. కానీ నేను తొమ్మిదో క్లాసు నుంచీ ఎవరి మనిషినో నువ్వు ఆవిడని అడగాల్సింది.

రమ్మని బతిమాలనన్నావు, బతిమాలలేదు. నీ పంతం నెగ్గింది, దాచుకో. కాగితం మీద సంతకం పెట్టలేదు. పొద్దున్నే వెళ్ళి తిరిగి ఇచ్చేశాను. ఎందుకయ్యా అని అడిగారు. ఇంటి దగ్గర ఒక ప్రాణి అన్నం తినడం లేదండీ అన్నాను.

నెలాఖరు ఓడకి టికెట్ దొరికింది. ఈ ఉత్తరం విమానం టపా సంచిలో వేయిస్తున్నాను, నాకన్నా ముందు చేరాలని. రాగానే ఇద్దరం ముందు బూరి దగ్గరికి వెళ్దాం. దాని మీద ఇంత మట్టి నేనూ వేస్తాను. తరవాత ఇంటికెళ్ళి ఎంతసేపైనా దెబ్బలాడుకుందాం.

ఈసారి పార్శిల్ లేదు. చొక్కా నా ఒంటి మీదే వస్తోంది. ఓడలో మంచినీళ్ళు తాగడానికే ఇస్తారట, బట్టలు ఉతకనివ్వరట. ఇదివరకైతే ఈ మాట రాయడానికి భయపడేవాణ్ణి.

నీ
మన్మథరావు